గృహిణీ గోష్ఠి: అత్తగారు, బియ్యపు బస్తాలు, ఒక ఫ్రెంచి కారు

గత వేసవిలో మా యత్తగారు తులసికోట చెంత కాలు జారి పడిరి. తుంటి యెముక విరిగినది. పట్టణమున శస్త్రచికిత్స జరిగిన పండ్రెండవ దినమున వారిని ఇంటికి గొనివచ్చుటకు బాడుగకారు నొకదానిని కుదుర్చుకొంటిమి. వెనుక ఆసనముపై వారిని పరుండబెట్టి, తల మా యొడిలో నుంచుకొంటిమి. డిక్కీలో పరుపుచుట్ట, వంటపాత్రలు, నడచుటకై యిచ్చిన ఇనుప చట్రము. అవి చాలవన్నట్లు, బండి ఎటులనో పోవుచున్నది గదా యని మా బంధువొకరు ఎక్కించిన రెండు బియ్యపు బస్తాలు. కారు వెనుకభాగము నేలకు క్రుంగి, ముక్కు ఆకాశమును జూచుచుండెను. ఆ నలువది కిలోమీటర్లలో ప్రతి గుంటకును అడుగున ఠప్పుమని చప్పుడు; చప్పుడు వెంట అత్తగారి నోట “అమ్మా” యను కేక. చోదకునిపై మేము కోపించితిమి. పాపము, అతడు ఎద్దుబండికంటె మెల్లగనే నడుపుచుండెను.

మరునాడు పరామర్శకు వచ్చిన భౌతికశాస్త్రపు మాస్టరుగారు, మా వారి సహోద్యోగి, సంగతి విని, “తప్పు చోదకునిది కాదమ్మా, బస్తాలది” అనిరి. ఆ మాట మా మనస్సున నాటుకొని, కొన్నాళ్లు ఆ విషయమునే చదువుచు వచ్చితిమి. సోదరీమణులు కొందరికి ఇది మగవారి ముచ్చటగా దోచవచ్చును. బాలెంతలను, వృద్ధులను, పసివాండ్రను ఒడిలో బెట్టుకొని వెనుక కూర్చుండువారము మనమే గనుక మాకట్లు తోచలేదు.

సామాన్యమైన కారునకు చక్రములమీద ఉక్కుచుట్టల స్ప్రింగులో, కమాను పట్టీలో ఉండును. ఇవి మెత్తనివైనచో బండి ఊయలవలె పోవును గాని బరువెక్కగానే క్రుంగును. క్రుంగిన పిమ్మట చక్రము పైకి లేచుటకు చోటు మిగులదు. గుంట వచ్చినపుడెల్ల అడుగున దెబ్బ తగులును. గట్టివైనచో బస్తాలను మోయును గాని, ఒంటరిగా కూర్చున్న మనిషిని ఎముకలు కదలునట్లు కుదుపును. పూర్వము నిండుచూలాలిని పుట్టింటికి గొనివచ్చునపుడు బండిలో మూరెడెత్తు వరిగడ్డి పరచి బొంత వేసెడివారు. గడ్డికిని ఇదే లోపము. ఊరు చేరునప్పటికి అది అణగి చాపవలె నగును.

ఈ చిక్కును విప్పినవాడు పాల్ మాజెస్ అను ఫ్రెంచివాడు. అతడు 1925లో, పదునేడవయేట, సిట్రోయెన్ కార్ల సంస్థలో చేరెను. ఇంజనీరింగు పట్టా లేదు, పనిలోనే చదువు. ఇంటనే చదువుకొన్న మాకు ఈ సంగతి ఒకింత సంతోషము గూర్చినదని దాచనేల? అతని యుపాయము మొదట 1954లో ఒక కారు వెనుకచక్రములకు, మరు సంవత్సరమున డి.యస్. అను కారునకు నాలుగు చక్రములకును అమర్పబడెను. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనమున దానిని జూచి, మొదటి దినముననే 12,000 మంది కొనుటకు పేరు వ్రాయించుకొనిరట.

అందు స్ప్రింగులే లేవు. ప్రతి చక్రమునకు ఒక ఉక్కు గోళము. గోళము నడుమ రబ్బరు పొర. పొరకు ఒకవైపున నత్రజని వాయువు, రెండవవైపున నూనె. చక్రము గుంటలో బడి లేచినపుడు నూనె పొరను నెట్టును, వాయువు నలిగి మరల ఉబ్బును. పిల్లల సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి, పిడిని నొక్కి చూడుడు. మొదట మెత్తగా దిగును. నొక్కినకొలది ఎదురు తిరుగును. వాయువు కుదుపును మ్రింగుట యట్లే. అది నూనె నలుపలేనంత నలుగును; నూనె మాత్రము బరువును నమ్మకముగా మోయును.

మాకు మిక్కిలి నచ్చినది రెండవ భాగము. బండి ముందు నొకటి, వెనుక నొకటి కవాటములు గలవు. డిక్కీలో బస్తా పడి బండి క్రుంగగానే వెనుక కవాటము తెరచుకొని, ఇంజను త్రిప్పు పంపునుండి నూనెను లోనికి విడుచును. బండి పూర్వపు టెత్తునకు లేచును. బస్తా దింపగానే అధికమైన నూనెను వెనుకకు బంపివేయును. ఎత్తును నూనె కాపాడుచున్నది గనుక వాయువు మెత్తగా నుండుటకు వీలు కలిగినది. రాత్రి నిలిపియుంచిన డి.యస్. తెల్లవారునప్పటికి నేలకు వాలియుండును. ఇంజను మొదలిడగానే, మన ఆవు లేచునట్లు, ముందు వెనుకభాగము లేపి పిదప ముందుభాగము లేపును. చక్రము మార్చుటకు జాకీ త్రిప్పనక్కరలేదు. బండినే పైకి లేపి, ప్రక్కన ఊతకోల నిలిపి, మరల దింపినచో చక్రమే నేలను విడుచును.

1962 ఆగస్టు 22న పారిస్ చెంత పెతి క్లమార్ అను చోట అధ్యక్షుడు డిగాల్ గారిపై తుపాకులు ప్రేలినవి. భార్య యివాన్ గారును కారులో నుండిరి. రెండు టైర్లు పగిలినను ఆ డి.యస్. తప్పించుకొని పోయెను, దాని నిలుకడకు ఈ గోళములే కారణమని పలువురందురు. కారు నిలిచినపిమ్మట ఆమె డిక్కీలోని కోళ్లకేమైనదో యని అడిగిరని చెప్పుకొందురు. మరునాటి భోజనమునకై కొన్న కోళ్లవి. ఇల్లాలి మనస్సు ఏ దేశమున నైన నొక్కటియే గాబోలు.

దోషములు లేకపోలేదు. మొదటి ఎఱ్ఱనూనె గాలిలోని తేమను పీల్చి లోని గొట్టములకు త్రుప్పు పట్టించెడిది. 1967 ప్రాంతమున దాని స్థానమున పచ్చనూనెను పోయసాగిరి. రబ్బరు పొరగుండ వాయువు మెల్లమెల్లగా జారిపోవును. గోళములను మార్చనిచో బండి రాతిబండ యగును. బ్రేకులు, స్టీరింగు సయితము ఆ నూనెతోడనే నడచుటచే, తెలియని మెకానిక్కు చేయి పెట్టుటకు జంకును. 1965లో రోల్స్‌రాయిస్ వారు తమ సిల్వర్ షాడో కారును సమముగ నిలుపుటకు ఈ విద్యను అనుమతితో గైకొనిరి. మన సైన్యపు అర్జున్ ట్యాంకును గూడ వాయువు, నూనెల ఊతములే మోయుచున్నవి. కాని సామాన్యుల కార్లలో ఖర్చు గెలిచినది. 2017లో సి5 అను కారుతో సిట్రోయెన్ వారే దీనిని విరమించిరి. 2021లో వారు మన దేశమున కార్ల నమ్మసాగిరి గాని, వానిలో ఈ గోళములు లేవు.

ఇదంతయు అత్తగారికి చెప్పితిమి. వారు శ్రద్ధగా విని, “ఆ కారు మన ఊరిలో దొరకదు గదా!” అనిరి. దొరకదంటిమి. “అయినచో ఈమారు బస్తాలను బస్సులో వేయించుము” అనిరి.

మరుమాసమున వైద్యునికి జూపుటకు పోవునపుడు డిక్కీలో ఇనుప చట్రము మాత్రమే యుండెను. బస్తాలను గూర్చి మా బంధువునకు ఉత్తరము వ్రాసితిమి. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు.