క్రోమోజోమ్ రిపోర్టు నార్మలే.. మరి బిడ్డకేమైంది?

మేనరికం చేసుకున్న జంట. మొదటి బిడ్డకి ఎదుగుదల లేదు. మిర్చి అమ్మిన డబ్బులు పెట్టి క్రోమోజోమ్ పరీక్ష చేయించారనుకోండి. ‘నార్మల్’ అని వచ్చుద్ది. ఇక రెండో కాన్పుకి ఢోకా లేదనుకుంటారు ఇంటిల్లిపాదీ. అసలు చిక్కు అక్కడే.

ప్రత్తిపాడు రైతుకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, కారియోటైప్ పరీక్ష గట్టు మీద నిలబడి పత్తి చేను చూడటం లాంటిది. సాలుకి సాలే పోతే కనపడుద్ది, నాలుగు మొక్కలు పోతే కనపడదు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుంటది కాబట్టి దొరికిపోద్ది. మైక్రోఅర్రే సాలు సాలూ తిరిగి మొక్కలు లెక్కపెట్టుద్ది. చిన్న లోటు కూడా పట్టుద్ది. కానీ ఈ సాలు ముక్క ఆ సాల్లోకి మారి లెక్క సరిపోతే దానికి తెలవదు. అది గట్టు మీద నుంచి చూసినోడికే తెలిసిద్ది. ఫిష్ పరీక్ష నేరుగా అనుమానమున్న మొక్క దగ్గరికే పోద్ది. రెండు మూడు రోజుల్లో జవాబొస్తది. ఒక రకం రక్త కాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు మారాయని తేలిస్తే ఇమాటినిబ్ మాత్రతో మనిషి నిలబడతాడు. కానీ అడిగిన చోటు తప్ప పక్కన ఏమున్నా చూడదు.

మరి కాయలోపల గులాబీరంగు పురుగు? ఈ మూడింటికీ అందనిది అదే. మేనరికంలో ఎక్కువ భయం ఒకే జన్యువులో ఉండే లోపంతో. తలసేమియా అట్టాంటిదే. భార్యాభర్తలిద్దరిలో అదే లోపం దాగుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ముప్పు. దానికి జన్యు పరీక్ష వేరే ఉంది.

ఇంకోటి, టైము. ఉమ్మనీటి పరీక్ష మామూలుగా 15 వారాలు దాటాకే. కణాలు పెంచి కారియోటైప్ చేయడానికి ఇంకో రెండు వారాలు పైనే. 2021లో సవరించిన చట్టం ప్రకారం 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు గడప తొక్కాల్సిందే. రిపోర్టు ఆలస్యమైతే కుటుంబానికి నిర్ణయం తీసుకునే వీలే తగ్గిపోద్ది.

హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. కూలికి పోయే తల్లికి అవి దూరం. మిషన్లు కొంటే సరిపోదు. ఏ పరీక్ష ఎందుకో, అది దేన్ని చూడలేదో తెలుగులో కూర్చోబెట్టి చెప్పే జన్యు సలహాదారు జిల్లా పెద్దాసుపత్రిలో ఉండాలి. అప్పటిదాకా డబ్బు కట్టే ముందు మనమే ఒక మాట అడగాలి: ‘ఈ పరీక్షకి కనపడనిదేంటి డాక్టరు గారూ?’