గరిక చావలేదు, నిద్రపోతోంది

జులై వచ్చిందంటే చాలు, డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు తిరుగుతుంటాయి. ఇంటి ముందు లాన్, మధ్యలో గోధుమ రంగు మచ్చలు. కింద ఒకటే ప్రశ్న: ‘బ్రో, ఇది పోయినట్టేనా? పీకేసి కొత్తది వేయించాలా?’

కొత్త గడ్డి పరిపించడమంటే వేల డాలర్ల మాట. అందుకే పర్సు తీసేముందు ఒక్క విషయం తెలుసుకోండి. ఎండకు గోధుమ రంగులోకి మారిన గడ్డి చాలాసార్లు చావదు, నిద్రపోతుంది.

నార్త్ టెక్సస్ ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: బెర్ముడా, సెయింట్ అగస్టీన్. పేరు చూసి బెర్ముడా ఏదో దీవుల నుంచి వచ్చిన స్పెషల్ గడ్డి అనుకోకండి. అది మన గరికే. వినాయక చవితికి ఏరి తెచ్చే గరిక, చేలో పడితే రైతును ఏడిపించే గరిక. రెండింటి శాస్త్రీయ నామమూ ఒకటే: సైనోడాన్ డాక్టిలాన్. అందుకే సమ్మర్‌లో ఇక్కడికొచ్చే అమ్మానాన్నలకు మన లాన్ ఒక పెద్ద జోకు. ఊళ్లో కూలీలను పెట్టి తవ్వించినా చావని గరికకు, కొడుకు ఇక్కడ నెలనెలా నీళ్ల బిల్లు కడుతుంటే నవ్వు రాదా మరి! మనకు కావాల్సిన జవాబు సగం ఆ నవ్వులోనే ఉంది. గరిక అంత మొండిది.

దాని మొండితనం ఆకులో లేదు. నేల మీద పాకే తీగల్లో, నేల లోపల దాక్కున్న కాడల్లో, వేళ్లు మొదలయ్యే చోట ఉండే మొదలులో ఉంది. నీళ్లు తగ్గగానే ఆకులను ఎండనిచ్చి మొదలును కాపాడుకుంటుంది. ఫోన్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్లినట్టన్నమాట. స్క్రీన్ డిమ్ అయింది కదా అని ఫోన్ పారేయం కదా!

బతికుందో లేదో చూడటం సులువు. గుప్పెడు గడ్డి పట్టుకుని లాగండి. నేలను గట్టిగా పట్టుకుని ఉండి, మొదలు విప్పి చూస్తే తెల్లగానో లేతాకుపచ్చగానో కనిపిస్తే బతికున్నట్టే. మొదలు కూడా పెళుసుగా విరిగిపోతే ఆ మచ్చ వరకు పోయినట్టు.

సెయింట్ అగస్టీన్ విషయంలో కాస్త జాగ్రత్త. దానికి పైన పాకే తీగలే తప్ప నేల లోపల కాడలు ఉండవు. అందుకే గరికంత సులభంగా కోలుకోలేదు. డ్రైవ్‌వే పక్కన, బాగా ఎండ పడే చోట మచ్చ మొదలై, నీళ్లు పెట్టినా పెరుగుతూ పోతుంటే చించ్ బగ్స్ కావచ్చు. పచ్చదనం, పసుపు కలిసే అంచులో గడ్డిని విడదీసి చూడండి. చిన్న చిన్న పురుగులు కనిపిస్తే అది నీళ్ల సమస్య కాదు, పురుగు సమస్య.

ఇక నీళ్లు. ఎండాకాలంలో లాన్ పచ్చగానే ఉండాలంటే వారానికి సుమారు ఒక అంగుళం నీరు కావాలి. అంగుళమేగా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. 2,000 చదరపు అడుగుల లాన్ మీద ఒక అంగుళం నీరంటే దాదాపు 1,250 గ్యాలన్లు, అంటే సుమారు 4,700 లీటర్లు. హైదరాబాద్‌లో ఇంటి ముందు ఆగే 5,000 లీటర్ల ట్యాంకర్ గుర్తుందా? వారానికి అలాంటి ట్యాంకర్ ఒకటి గడ్డి రంగు కోసమే పోస్తున్నామన్నమాట. వాన చుక్క పడని 12 వారాలకు 12 ట్యాంకర్లు.

అదే నిద్రపోతున్న గరిక మొదలు ఎండిపోకుండా ఉండటానికి మూడు వారాలకోసారి అరంగుళం సరిపోతుంది. 12 వారాలకు రెండు ట్యాంకర్లు. పన్నెండా, రెండా? మీరు తేల్చుకోవాల్సింది అదే.

ఏది ఎంచుకున్నా రోజూ పది నిమిషాల స్ప్రింక్లర్ మాత్రం వద్దు. పైపైన తడిస్తే వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి. మన రైతులు ఆరుతడి అంటారు చూడండి, అదే పద్ధతి. ఒకసారి లోతుగా తడి ఇవ్వాలి, ఆరనివ్వాలి, మళ్లీ ఇవ్వాలి. డాలస్ ప్రాంతంలో చాలాచోట్ల ఉన్నది మన నల్లరేగడి లాంటి బంకమట్టే. ఎండితే నెర్రెలిస్తుంది, నీళ్లను మెల్లగా తాగుతుంది. ఒకేసారి అరగంట తిప్పితే సగం నీళ్లు రోడ్డు మీదకు పోతాయి. పది నిమిషాలు తిప్పి, గంట ఆగి, మళ్లీ పది నిమిషాలు తిప్పండి. ఎంత పడిందో తెలియాలంటే లాన్‌లో నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టి స్కేలుతో కొలవండి. యాప్ అక్కర్లేదు.

టైమ్ తెల్లవారుజామునే. డాలస్ సిటీలోనైతే ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా స్ప్రింక్లర్లు వాడకూడదు. వారానికి రెండు రోజులకు మించి తడపకూడదన్న రూల్ 2012 నుంచి శాశ్వతంగా ఉంది. పక్క ఊళ్ల రూల్స్ వేరు, మీ సిటీ సైట్‌లో చూసుకోండి. ఇంకో మాట, లాన్‌ను నిద్రపోనిచ్చినా ఇంటి పునాది చుట్టూ మట్టిని పూర్తిగా ఎండనివ్వకండి. బంకమట్టి కుంచించుకుపోతే పునాది కదులుతుంది. అక్కడ సోకర్ హోస్ పెట్టుకుంటే చాలు.

కోతకు మూడు రూల్స్. ఒకటి, ఒక్కసారిలో ఎత్తులో మూడో వంతుకు మించి కోయొద్దు. రెండు, ఎండలు ముదిరాక మోవర్‌ను ఒక మెట్టు పైకి పెట్టండి. బెర్ముడాకు రెండు అంగుళాలు, సెయింట్ అగస్టీన్‌కు మూడు దాటినా పర్వాలేదు. గడ్డి కాస్త ఎత్తుగా ఉంటే దాని నీడే నేలను కాపాడుతుంది. మూడు, బ్లేడ్ పదునుగా ఉండాలి. మొద్దు బ్లేడ్ కోయదు, చింపుతుంది. చిరిగిన కొనలు ఇంకా ఎండిపోతాయి. కోసిన ముక్కలను సంచుల్లో నింపి బయట పెట్టకండి. అక్కడే వదిలేస్తే ఎరువవుతాయి. గడ్డి పెరగకపోతే అసలు కోయొద్దు. వారం వారం వచ్చి కోసేవాళ్లు పెరిగినా పెరగకపోయినా మోవర్ తిప్పేసి వెళ్తారు. ‘ఈ నెల వద్దు’ అని మీరే చెప్పాలి. ఎరువు కూడా అంతే. నిద్రలో ఉన్న గడ్డిని ఎరువేసి లేపితే దానికి తాగడానికి నీళ్లుండవు.

అసలు చాలామందిని భయపెట్టేది ఎండ కాదు, హెచ్‌ఓఏ నుంచి వచ్చే లెటర్. మొదటిసారి ఇల్లు కొన్నవాళ్లు ఆ ఫైన్ భయంతోనే రోజూ నీళ్లు పోస్తుంటారు. టెక్సస్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. నివాసాలకు నీటి ఆంక్షలు ఉన్న సమయంలోను, అవి ఎత్తేశాక కొంతకాలం వరకు, గడ్డి రంగు మారిందని హెచ్‌ఓఏ ఫైన్ వేయకూడదు. కరవును తట్టుకునే మొక్కలు పెట్టుకుంటామంటే పూర్తిగా అడ్డుకోకుండా 2013లోనే ఇంకో చట్టం వచ్చింది. లెటర్ వస్తే కంగారుపడకుండా, మీ ఊళ్లో ఆంక్షల తేదీలు జతచేసి మెయిల్ పెట్టండి.

హైదరాబాద్‌లో విల్లా ముందు గరిక లాన్ ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. అక్కడ ఏప్రిల్, మే గడిస్తే జూన్ వానలు లేపుతాయి. ఇక్కడ సెప్టెంబర్ దాకా ఆగాలి. 2011లో డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో 71 రోజులు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది. అలాంటి ఎండలు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. అప్పుడు నీళ్లు ముందు వంటింటికి, బాత్రూమ్‌కి. గడ్డి సంగతి గడ్డి చూసుకుంటుంది.

వినాయక చవితి నాటికి ఎండలు తగ్గుముఖం పడతాయి. రెండు మంచి వానలు పడితే గోధుమ రంగు మధ్య నుంచి సన్నగా పచ్చటి మొలకలు తొంగిచూస్తాయి. పూజకు కావాలంటే మీ లాన్‌లోదే కోసుకోవచ్చు, కలుపు మందు కొట్టకుండా ఉంటే!