తుపానుకు ఓనరు లేడు

2014 నవంబరు 30, ఆదివారం. ఇస్నాపూర్ చౌరస్తాల చాయ్ హోటల్ టీవీ ముందు నిలబడ జాగ లేదు. జెమిని టీవీల 'మేము సైతం' నడుస్తున్నది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టింది గదా, ఆ బాధితుల కోసం తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోల చేరి 12 గంటల పొడుగునా ఆడింది, పాడింది, చందాలు అడిగింది. 11 కోట్ల రూపాయలకు పైగా పోగైనయి. నైటు షిఫ్టు దిగినోడు నిద్ర మానుకొని చూసిండు. రాష్ట్రం విడిపోయి ఆరు నెలలు కాలేదు, అయినా ఇక్కడి అడ్డా కూలీ అక్కడి బెస్తోళ్ళ పడవలు పోయినయని బాధపడ్డడు. ఆ బాధను మేం తప్పుపట్టం. ఆ పైసలను కూడా తప్పుపట్టం. ఇల్లు కూలినోనికి ఒక రేకు దొరికినా మంచిదే.

మేం తప్పుపట్టేది తెరను. ఆ దినమంతా కెమెరా ఎవరి దిక్కు తిరిగి ఉన్నది? ఇచ్చేటోని దిక్కు. పుచ్చుకునేటోడు నడుమ నడుమ తునకల్లెక్క వచ్చిపోయిండు, పేరు లేదు, వాడ లేదు, కులం అసలే లేదు. గాలికి మిద్దె నిలబడ్డది, గుడిసె లేచిపోయింది. గుడిసె ఎవరిది, ఎందుకు ఇంకా గుడిసెగనే ఉన్నది? ఈ మాట అడిగితే పాట ఆగుతది. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం దిక్కు దళితులను సహాయ శిబిరాల కాడ వేరుగ పెట్టిన సంగతి హక్కుల సంఘాలు రాసినయి. సముద్రం అందరినీ ముంచింది. ఒడ్డుకొచ్చినంక మళ్ళీ ఎవరి వాడ వాళ్ళదే.

జనం ఏడ్చేటందుకు టీవీ ఏ దుఃఖాన్ని ఏరుకుంటదో చూడాలె. తుపానుకు ఓనరు లేడు. తుపాను మీద కేసు పెట్టలేం, తుపాను వియ్యంకుడు మంత్రిగా ఉండడు. అందుకే దాని మీద అందరూ కలిసి పాడొచ్చు, పాడినందుకు ఎవరికీ కోపం రాదు.

పాత ముచ్చట ఒకటి యాది చేసుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనల వేలమంది సచ్చిన్రు. ఎన్టీఆర్, అక్కినేని జోలె పట్టి వీధులు తిరిగిన్రు. పేదోడు కూడా ఉన్నదాంట్లె వేసిండు. ఆ జోలె గురించి ఇప్పటికీ చెప్పుకుంటరు, చెప్పుకోవలసిందే. అదే ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండంగ 1985 జూలై 17న కారంచేడుల మాదిగలను వెంటాడి చంపిన్రు. అది ముఖ్యమంత్రికి వియ్యంకుల ఊరు. అప్పుడు ఏ హీరో జోలె పట్టిండు? చీరాల శిబిరంల కూర్చున్నోళ్ళు బియ్యం కోసం కూర్చోలేదు, శిక్షల కోసం కూర్చున్నరు. సుప్రీంకోర్టు తీర్పు 2008ల గానీ రాలేదు.

కారంచేడుకు సరిగ్గ నాలుగు రోజుల ముందు, జూలై 13న, లండన్లనూ ఫిలడెల్ఫియాలనూ 'లైవ్ ఎయిడ్' జరిగింది. ఇథియోపియా కరువు కోసం ఒకేసారి రెండు ఖండాల్ల పాడిన్రు, ఎన్నో దేశాలు టీవీల చూసినయి. ఇయ్యాల్టి ఈ టీవీ చందాల పండుగలకు నమూనా అదే. అక్కడ కరువు ఒక్క వాన లేక రాలేదు. అంతర్యుద్ధం ఉన్నది, జనాన్ని బలవంతంగ వేరే జాగలకు తరలించిన సర్కారు ఉన్నది. ఆ తరలింపును తప్పుపట్టిన ఒక ఫ్రెంచి డాక్టర్ల సంస్థను ఆ ఏడాదే దేశం నుంచి ఎల్లగొట్టిన్రు. పాటల నడుమ తెర మీద నిండుగ కనబడ్డది మాత్రం ఎండిన పిల్లలే.

మళ్ళ మన దగ్గరికి వద్దాం. 2016ల అదే జెమినిల, అదే పేరుతోటి, మంచు లక్ష్మి ఒక కార్యక్రమం నడిపింది. సినిమా తారలు ఒక పూట కూలిపని జేసి, వచ్చిన పైసలను ఒక పేద కుటుంబానికి ఇయ్యాలె. మూటలు మోసిన్రు, కూరగాయలు అమ్మిన్రు. మంచి మనసే కావచ్చు. కానీ అదే గంప, అదే టమాట, చెయ్యి మారంగనే రేటు వేలల్లకు పోయింది. రోజూ మోసేటోడు పక్కనే నిలబడి నవ్వుకుంట చూసిండు. వాని మూటకు అంత కూలి ఎందుకు రాదో ఆ కార్యక్రమంల ఎవరూ అడగలే. చూసిన మేం కూడా అడగలే, చప్పట్లు కొట్టినం. ఆ తప్పు మాది.

ఇప్పుడు ఓనరున్న దుఃఖం చూడుండ్రి. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు మన పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ మందు తేలింది. నక్కవాగు పొంటి పొలాలు పోయినోళ్ళ కోసం ఏ తారా పాడలే. 2025 జూన్ 30న ఇస్నాపూర్ పక్కనే పాశమైలారంల ఒక కంపెనీ పేలింది. 40 మందికి పైగా సచ్చిన్రు. చాలామంది ఒడిశా, బీహారు, యూపీ, జార్ఖండు, బెంగాల్ నుంచి వచ్చినోళ్ళు. ఎనిమిది మంది ఆనవాళ్ళే దొరకలే. కెమెరాలు వచ్చినయి, కొన్ని రోజులున్నయి, పోయినయి. కుటుంబానికి కోటి అన్న మాట మోగినంతగ, ఎందుకు పేలింది, ఎవరు జవాబుదారీ అన్న మాట మోగలే. 12 గంటల పాటల పండుగ మాత్రం ఏ చానల్లనూ మేం చూడలే.

చూడాలని కూడా మాకు లేదు. ఆ రోజు లోపల ఎవరెవరున్నరో లెక్క తేలేటందుకే రోజులు పట్టింది. గేటు కాడ ఫోటోలు పట్టుకొని నిలబడ్డ ఆడోళ్ళను మేం కండ్లార చూసినం. అందుకే సంఘం సాథులకు ఒక పని చెప్తున్నం. ఇస్నాపూర్ కిరాయి గదుల లైన్లల్ల ఉండే ప్రతి కాంట్రాక్టు కార్మికుని పేరు, ఊరు, కంపెనీ, కాంట్రాక్టరు పేరు, ఈఎస్ఐ కార్డు ఉన్నదా లేదా, ఇవన్నీ ఒక నోటుబుక్కుల రాసుడు మొదలుపెట్టుండ్రి. హిందీ, ఒడియా వచ్చినోళ్ళు తోడు రావాలె. సాయంత్రం ఆరు గంటల షిఫ్టు దిగినంక అయితే మనుషులు దొరుకుతరు.