నల్లని ఘనం

సాంకేతిక నైపుణ్యం ఎంత ఉన్నతమైనదైనా, ఉద్దేశించిన వారికి అందినప్పుడే సార్థకమవుతుంది. 1988లో అమెరికాలో స్టీవ్ జాబ్స్ ఆవిష్కరించిన నెక్స్ట్ కంప్యూటర్ ఇందుకు నిదర్శనం. అడుగు కొలత గల నల్లని మెగ్నీషియం ఘనంలో 25 మెగాహెర్ట్జ్ మోటరోలా 68030 ప్రాసెసర్‌నూ, 8 మెగాబైట్ల మెమరీనీ అమర్చారు. ధ్వనికి వేరే ప్రాసెసర్ ఉండేది. మెయిన్‌ఫ్రేముల పద్ధతిలో, సమాచారాన్ని చేరవేసే పనిని ప్రత్యేక చిప్‌కు అప్పగించి ప్రధాన ప్రాసెసర్ భారాన్ని తగ్గించారు. నిస్సందేహంగా అది మెచ్చదగిన నిర్మాణం.

అయితే అందులో ఫ్లాపీ డ్రైవ్ లేదు. 256 మెగాబైట్ల ఆప్టికల్ డిస్కు మందకొడిగా పనిచేసేది. విశ్వవిద్యాలయాల కోసం రూపొందిన ఆ యంత్రం వెల 6,500 డాలర్లు. సామాన్య విద్యార్థికి అది అందని మ్రానిపండే అయింది. 1993లో ఆ సంస్థ కంప్యూటర్ల తయారీని విరమించింది.

అంతమాత్రాన ఆ కృషిని వ్యర్థమనడం తగదు. 1990లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ బ్రౌజరును, సర్వరును ఆ కంప్యూటరుపైనే రూపొందించారు. తగిన చేతికి అందిన ఒక్క యంత్రం లోకానికే ఉపకరించింది. మరిన్ని చేతులకు అంది ఉంటే ఇంకెంత మేలు జరిగేదో! కనుక వెల కూడా నిర్మాణంలో భాగమేనని రూపకర్తలు గుర్తించాలి.