బల్ల మీద చోటు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్న సామెత చాలా సౌకర్యమైనది. వాదనలో ఓడిపోబోతున్నవాడు చివరికి దీని చాటున దాక్కుంటాడు. నాలుక ఎవరిది వారిదే గనక రుచి కూడా ఎవరిది వారిదే. దానికి కారణాలుండవు, దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు! సాహిత్యంలో ఈ వాదాన్ని మనం ఏనాడో తిప్పికొట్టాం. అభిరుచి ఆకాశం నుంచి ఊడిపడదనీ, మనిషి పుట్టిన వర్గమూ పెరిగిన సంఘమూ దాన్ని తీర్చిదిద్దుతాయనీ మనమే వ్యాసాలు రాశాం. కాని పొద్దున లేచి నాలుగు ఇడ్లీలు ఎక్కడ తినాలన్న ప్రశ్న వచ్చేసరికి మనలో చాలామంది ఆ సామెతనే పట్టుకు వేళ్ళాడుతున్నారు. ఈ నాలుగు మాటలూ వారిని ఉద్దేశించి రాస్తున్నాను.

నేనూ నా భార్యా స్టేషన్ ఘన్‌పూర్‌లో కాపురముంటున్నాం. ఇద్దరమూ ఉపాధ్యాయులమే. ఏడాది కిందట ఒక నిర్ణయానికి వచ్చాం. ఆదివారం ఇంట్లో పొయ్యి వెలిగించరాదు. తినటానికి హనుమకొండ పోరాదు. ఇంటి నుంచి నడిచి పోగలిగిన దూరంలో, రోజూ చూస్తూ కూడా ఎన్నడూ లోపల అడుగుపెట్టని హోటళ్ళలో వరసగా తినాలి. ఇందులో సాహసమేమీ లేదు. వేలాదిమంది రోజూ చేస్తున్న పనే అది. కాని ఒక మాస్టరూ, ఒక టీచరమ్మా చేసేసరికి అది ఊళ్ళో వార్త అయింది. ఎందుకయిందో ఆలోచించటమే ఈ వ్యాసం పని.

ఘన్‌పూర్ పెద్ద పట్నమేమీ కాదు. కాజీపేట - సికింద్రాబాదు రైలు మార్గం మీద స్టేషనుంది; హైదరాబాదు - వరంగల్ రహదారి దగ్గరుంది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు జనగామ జిల్లాలో చేరింది. ఎరువుల కోసం, బ్యాంకు పని కోసం, తహసీలు కచేరీలో సంతకం కోసం చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వస్తారు. ఆటోవాళ్ళు, హమాలీలు, తాపీ పనివాళ్ళు, రైలు దిగిన కూలీలు ఉంటారు. వీళ్ళు తినే హోటళ్ళలో కొన్నిటికి బోర్డు కూడా ఉండదు. రేకుల కప్పు, రెండు బల్లలు, గుమ్మంలోనే పొయ్యి. పొద్దున ఇడ్లీ, పూరీ, మైసూరు బజ్జీ. పొద్దెక్కితే చాయ్. మధ్యాహ్నం అన్నం, పప్పు, పచ్చిపులుసు. కొన్నిచోట్ల బోటి, తలకాయకూర. సాయంత్రం మిరపకాయ బజ్జీ. ఒకటి రెండు చోట్ల జొన్నరొట్టె.

మా సంగతి విని తోటి ఉపాధ్యాయులు చేసిన ఆక్షేపణలు ముఖ్యంగా మూడు. మూడింటినీ పరిశీలిద్దాం.

మొదటిది శుచి. "అక్కడ నీళ్ళు మంచివి కావు, గిన్నెలు సరిగా కడగరు" అంటారు. ఈ మాట అనేవాడు కనీసం ఒకసారి లోపలికి వెళ్ళి చూసి ఉండాలి. అన్నవాళ్ళలో చూసినవాడు ఒక్కడూ లేడు. మేము చూశాం. చిన్న హోటల్లో పొయ్యి గుమ్మంలోనే ఉంటుంది. వండే చెయ్యి, కలిపే పిండి, మరిగే నూనె దారినపోయే ప్రతివాడి కంటా పడతాయి. పెద్ద హోటల్లో వంటిల్లు గోడ వెనక ఉంటుంది. తెల్ల పింగాణీ పళ్ళెం మన ముందుకు వస్తుంది. అది వచ్చిన చోటు ఎలా ఉందో మనకు తెలియదు. ఆ తెలియకపోవటానికే మనం శుచి అని పేరు పెట్టుకున్నాం.

చిన్న హోటళ్ళన్నీ అద్దాల్లా ఉన్నాయని నేననను. ఒకచోట ఒకే బకెట్ నీళ్ళలో పళ్ళేలన్నీ ముంచి తీస్తున్నారు. ఇదేమిటని అడిగితే, నీళ్ళు రెండు సందుల అవతలి నుంచి మోసుకురావాలన్నారు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంత చిన్న హోటలు కూడా రిజిస్టరు చేయించుకోవాలి. మంచిదే. కాని చట్టం ఆ మనిషి చేతిలో కాగితం పెట్టింది, గుమ్మంలో నల్లా పెట్టలేదు. మురికిని చూసి ముక్కు మూసుకునేవాడు ఆ నల్లా కోసం ఏనాడైనా ఒక అర్జీ మీద సంతకం చేశాడా? చెయ్యనివాడికి కావలసింది శుచి కాదు, దూరం.

రెండోది రుచి. "మనకు ఆ కారాలూ ఆ పులుసులూ పడవు" అంటారు. పచ్చిపులుసు తీసుకోండి. చింతపండు పులుసులో ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు కలిపితే అయిపోతుంది. పులుసును పొయ్యి మీద మరిగించే పనే లేదు. కట్టెలకూ తీరికకూ కరువైన ఇళ్ళకు తగిన వంటకం అది. ఇదే పచ్చిపులుసునూ, ఇదే జొన్నరొట్టెనూ హైదరాబాదులో గుమ్మానికి ఎడ్లబండి చక్రం తగిలించిన హోటళ్ళు అయిదారు రెట్ల ధరకు అమ్ముతున్నాయి. ఘన్‌పూర్‌లో ఈ తిండి పడనివాడే అక్కడ లొట్టలు వేస్తూ తిని, ఫొటో తీసి నలుగురికీ పంపుతాడు. నాలుక అదే. రొట్టె అదే. మారింది బల్ల. ఆ బల్ల మీద హమాలీ కూర్చోడు. కాబట్టి ఇక్కడ పని చేస్తున్నది జిహ్వ కాదు.

మూడోది కుటుంబం. "మీరొక్కరు పోతే పోండి, ఆడవాళ్ళను తీసుకుపోదగిన చోట్లా అవి?" అంటారు. అసలు సంగతి ఇక్కడ బయటపడుతుంది.

స్టేషను దారిలోని ఒక హోటలుకు మేము మొదటిసారి వెళ్ళినప్పుడు, నడిపే ఆమె నా భార్యను చూసి కంగారుపడింది. "మేడమ్, మీరు లోపలికి రాండ్రి, ఇంట్ల కూసోండ్రి" అన్నది. "ఇక్కడ్నే కూసుంట అక్కా" అని నా భార్య బల్ల మీద కూర్చున్నది. పక్కనున్న ఇద్దరు బల్ల చివరికి జరిగారు. ఒకాయన తింటున్న పళ్ళెంతో లేచి నిలబడ్డాడు. అయిదారు వారాలు గడిచేసరికి ఎవరూ లేవటం మానేశారు. జరిగి చోటిచ్చి, మాట కలిపి, బడిలో పిల్లవాడి చదువు ఎలా ఉందని అడగటం మొదలుపెట్టారు. ఏ ఉపన్యాసమూ చెయ్యని పని రెండు నెలల్లో ఒక బల్ల చేసింది.

కాని ఆ బల్లకు ఇంకో పక్క కూడా ఉంది. నడిపే ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బుతుంది. రాత్రి తొమ్మిదింటికి పొయ్యి ఆర్పుతుంది. ఇన్ని వారాల్లో ఆమె ఆ బల్ల మీద కూర్చుని తినగా మేము చూడలేదు. నా భార్య ఒకనాడు అడిగింది: "నువ్వెప్పుడు తింటవ్ అక్కా?" ఆమె నవ్వి, "అందరిదైనంక. నేను బల్ల మీద కూసుంటె గిరాకీ ఏమనుకుంటది?" అన్నది. పెద్ద హోటలు ఆడదానికి మర్యాద చేస్తున్నానంటూ ఫ్యామిలీ సెక్షనని పేరు పెట్టి తెర వెనక కూర్చోబెడుతుంది. చిన్న హోటలు ఆమెను పొయ్యి ముందు నిలబెడుతుంది. బల్ల మీద చోటు రెండూ ఇవ్వవు. తెర కట్టటం పరిష్కారమని నమ్మేవాళ్ళు పరదాకు కొత్త బట్ట కొంటున్నారు, అంతే.

తిండి గొడవ ఇంత పెద్దదా అని ఎవరైనా అనుకుంటే వారు చరిత్ర చూడాలి. డబ్బిచ్చి తినటం మన దేశంలో కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోని ఓరుగల్లులో ఒక రూక ఇస్తే కమ్మని భోజనం పెట్టే బ్రాహ్మణ ఇంటిని క్రీడాభిరామం వర్ణించింది. ఆ ఇంట్లో ఎవరు కూర్చుని తినవచ్చో కవి చెప్పనక్కర్లేకపోయింది, వినేవాళ్ళందరికీ తెలుసు. నిజాం కాలంలో జనగామ తాలూకా పల్లెల్లో దొరకూ, ఊరికొచ్చిన అధికారికీ కోళ్ళూ కుండలూ కట్టెలూ వెట్టి కింద ఊరికే చేరేవి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక చెలరేగిన పోరాటం ఆ వెట్టి నడ్డి విరిచింది. ఎవడైనా సరే నాలుగు డబ్బులు బల్ల మీద పెట్టి "నాకూ పెట్టు" అని అడగగలగటం ఈ నేల మీద ఊరికే వచ్చిన హక్కు కాదు.

అది పూర్తిగా వచ్చిన హక్కూ కాదు. మన పట్నాల్లో బ్రాహ్మణ కాఫీ హోటళ్ళు బోర్డులు కట్టుకుని నడిచాయి. 1950లో రాజ్యాంగం 15వ అధికరణం హోటలు తలుపులు అందరికీ తెరిచింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం హోటల్లోని పాత్రల వాడకాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది. అంటే ఒక చాయ్ గ్లాసు కోసం పార్లమెంటు చట్టం చెయ్యవలసి వచ్చింది! అయినా 1957లో మద్రాసు తిరువళ్ళిక్కేణిలో ఒక హోటలు బోర్డు మీది "బ్రాహ్మణ" అన్న మాటను తీయించటానికి పెరియార్ ఉద్యమం నడపవలసి వచ్చింది. అయినా తెలుగు పల్లెల్లో చాయ్ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో భోజనపు బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ దుకాణం వాళ్ళకు సరుకులు అమ్మేది, కూర్చోబెట్టి అన్నం పెట్టేది కాదు. వాళ్ళు అడిగింది తిండి కాదు, చోటు. జులై నాటికి ఆ చోటు సాధించారు.

మన సంగతి చూడండి. చట్టం బోర్డు దింపించాక ఫ్యామిలీ సెక్షను వచ్చింది. తరవాత చల్లని గది వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోను మీద వేలు పెడితే, ఎండలో బండి మీద ఒక కుర్రవాడు పొట్లం తెచ్చి గుమ్మంలో ఇచ్చి పోతున్నాడు. మెట్టు మెట్టుకూ బల్ల మీద పక్కవాడు దూరమవుతున్నాడు. బోర్డు చెప్పిన మాటే ఇప్పుడు ధరల పట్టీ చెబుతున్నది.

ఇక చిన్న హోటలును నెత్తిన పెట్టుకునే రెండో రకం వాళ్ళున్నారు. వీళ్ళు కెమెరా పట్టుకు వస్తారు. పల్లె రుచి అనీ, అమ్మ చేతి వంట అనీ మురిసిపోతారు. పొయ్యి పొగ వీళ్ళకు అందం. ఆ పొగ పీల్చే ఊపిరితిత్తుల సంగతి వీళ్ళకు అక్కరలేదు. హోటళ్ళలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనికి పెట్టుకోవటం 2006 అక్టోబరు నుంచి నిషేధం. అయినా గ్లాసులు కడిగే పిల్లవాణ్ణి "చురుకైనవాడు" అని మెచ్చుకుని, వాడు బడికెందుకు పోవటం లేదని అడగకుండా లేచిపోయినవాణ్ణి మా కళ్ళతో చూశాం. ముక్కు మూసుకుని పోయేవాడూ, మురిసిపోయి పోయేవాడూ ఒక విషయంలో ఒకటే: ఇద్దరూ ఆ మనుషుల్ని చూడలేదు.

1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గురజాడ ఈ రకాన్ని ఏనాడో పట్టుకున్నాడు. గిరీశం వితంతువుల ఉద్ధరణ గురించి ధారాళంగా ఉపన్యసిస్తాడు. పూటకూళ్ళమ్మ వితంతువే. ఆమె వండిన అన్నం తింటాడు, ఆమె డబ్బు కాజేస్తాడు, ఊరు విడిచిపోతాడు. సంస్కరణకు పనికొచ్చే వితంతువు వేరు, అన్నం పెట్టే వితంతువు వేరు అతనికి. మన అభ్యుదయం శ్రామికుణ్ణి గురించి వ్యాసం రాసి, అతని పక్కన కూర్చుని ఇడ్లీ తినటానికి సందేహిస్తే అది గిరీశం అభ్యుదయమే.

"హోటల్లో కూర్చుంటే విప్లవం వస్తుందా?" అని ఒక మిత్రుడు వెక్కిరించాడు. రాదు. ఇడ్లీ తిని ఎవరూ వర్గాన్ని వదిలించుకోలేరు. కాని పక్కన కూర్చోనివాడికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. నల్లా ఎంత దూరంలో ఉందో, గ్యాసు బండ ధర పెరిగినప్పుడు ఇడ్లీ ధర పెంచలేక ఆమె ఏం చేస్తుందో, కూలీ దొరకని రోజు హమాలీ చాయ్‌తో ఎలా గడుపుతాడో పుస్తకాల్లో దొరకవు. ఈ సంగతులు తెలియకుండా ప్రజలకు నాయకత్వం వహిస్తామనటం హాస్యాస్పదం.

విద్యార్థులకూ తోటి ఉపాధ్యాయులకూ నేను చెప్పేది ఇంతే. మీ ఊళ్ళో మీరు దాటిపోతున్న హోటలుకు వెళ్ళండి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి వెళ్ళండి. లోపలి గది చూపిస్తే వద్దని, బల్ల మీదే కూర్చోండి. అరువు పెట్టకండి. పిల్లవాడు గ్లాసులు కడుగుతుంటే ఎందుకని అడగండి, వాడు బడికి వచ్చేదాకా అడగండి. నల్లా కోసం అర్జీ మీరే రాసి, మొదటి సంతకం మీరే చెయ్యండి. వండిన మనిషిని మీ పక్కన కూర్చుని తినమనండి. ఆమె మొదట నవ్వుతుంది. రెండోసారి కూడా నవ్వుతుంది. ఏదో ఒక ఆదివారం కూర్చుంటుంది. ఆ రోజు ఆ బల్ల మీద రుచి గురించి మాట్లాడే అర్హత మనకు వస్తుంది.