మా పెరటి పైన్ చెట్టుకు ఏమైంది?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దల సామెత. రెడ్‌మండ్‌లో మా ఇంటి దగ్గర ఆ సామెత తిరగబడింది. మందే పెరటి చెట్టుకు పనికిరాలేదు. ఈసారి ఆ కథే చెబుతాను. తప్పు నాదే కాబట్టి నవ్వుకోవడానికి మీకు పూర్తి హక్కుంది.

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన ఏడాది వెనక పెరట్లో షోర్ పైన్ మొక్క ఒకటి నాటాం. పసిఫిక్ తీరం వెంబడి ఇసుక నేలల్లోనూ, చిత్తడి నేలల్లోనూ ఎవరూ ఏమీ వేయకుండానే పెరిగే చెట్టు అది. నాటినప్పుడు పాప నడుము దాకా ఉండేది. మూడో ఏటికి పాపను దాటిపోయింది. ప్రతి మే నెలలో కొమ్మల చివర లేత చిగుళ్ళు నిటారుగా లేస్తాయి. వాటిని ఇక్కడ క్యాండిల్స్ అంటారు. నిజంగానే చెట్టు నిండా కొవ్వొత్తులు గుచ్చినట్టు ఉంటుంది. పాప వాటిని లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసుకునేది.

రెండేళ్ళ క్రితం మే నెలలో ఆ కొవ్వొత్తులు వంగిపోయాయి. కొన్ని గొర్రెల కాపరి కర్రలా వంపు తిరిగాయి, కొన్ని మెలిపడ్డాయి. వారం తిరక్కుండానే సూదుల కొనలు ఎర్రబడ్డాయి. పాప ముఖం చూడలేకపోయాను.

నాకు వెంటనే పక్కింటి మీద అనుమానం వచ్చింది. అంతకు పది రోజుల ముందు పక్కింటి పెద్దావిడ లాన్‌కి ఎవరో వచ్చి మందు కొట్టి, చిన్న హెచ్చరిక బోర్డు పాతి వెళ్ళారు. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే ఉద్యోగం నాది. సాక్ష్యం దొరికింది, కేసు ముగిసింది అనుకున్నాను. వెళ్ళి, మీ మందు గాలికి కొట్టుకొచ్చి మా పాప చెట్టును పాడుచేసిందని చెప్పేశాను. ఆవిడ నొచ్చుకుంది. మర్నాటి నుంచి చెయ్యి ఊపడం మానేసింది.

సరిగ్గా అప్పుడే మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. పల్నాడులో, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో నలభై ఏళ్ళు పత్తి పండించిన మనిషి. జెట్‌లాగ్ వల్ల తెల్లవారుజామున నాలుగింటికే లేచి పెరట్లో తిరుగుతున్నారు. నేను కాఫీ కలుపుకుని వెళ్ళేసరికి చెట్టు చుట్టూ మూడో ప్రదక్షిణం పూర్తవుతోంది.

"ఇది తెగులు కాదురా, కలుపు మందు దెబ్బ" అన్నారు.

"నేనూ అదే చెబుతున్నా నాన్నా, పక్కింటి వాళ్ళు..."

"ఆగు. గాలికి వచ్చిన మందైతే గాలి వచ్చిన వైపు ఎక్కువ కొడుతుంది, అవతలి వైపు తక్కువ. ఇది నాలుగు వైపులా ఒకేలా తిరిగింది. వేళ్ళ నుంచి ఎక్కింది. నువ్వేం వేశావో చెప్పు."

నాకు గొంతులో వెలక్కాయ పడింది. ఏప్రిల్ చివర్లో లాన్‌లో డాండిలయన్లు ఎక్కువయ్యాయని వీడ్ అండ్ ఫీడ్ సంచి ఒకటి తెచ్చి, తోపుడు బండితో చల్లాను. మిగిలిన గుప్పెళ్ళు వృథా ఎందుకని, పాప చెట్టుకు కాస్త బలం వస్తుందని, దాని మొదట్లో పోశాను. ప్రేమగానే పోశాను.

గరాజ్‌లోంచి సంచి తెచ్చాం. నాన్నగారు మొదట చూసింది అంకెలు. ఏ ఊరి రైతైనా ముందు చూసేది అవే: నత్రజని, భాస్వరం, పొటాష్. మధ్య అంకె సున్నా ఉండేసరికి "భాస్వరం లేదేంట్రా, మోసపోయావు" అన్నారు. మోసం కాదు, చట్టం. లాన్ ఎరువుల్లోని భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో పాచి పెంచుతుందని, వాషింగ్టన్ రాష్ట్రంలో 2013 జనవరి నుంచి మామూలు లాన్‌లకు భాస్వరం ఎరువు వాడకాన్ని ఆపేశారు. కొత్తగా గడ్డి వేసేటప్పుడు, లేదా మట్టి పరీక్షలో లోపం తేలినప్పుడు మాత్రం వాడుకోవచ్చు. మా ఇళ్ళ వాననీళ్ళు చివరికి చేరేది వాగులకూ, సమామిష్ సరస్సుకూ కదా.

తర్వాత సంచి వెనక చిన్న అక్షరాలు చదివాం. 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా. చెట్ల వేళ్ళున్న చోట వేయకూడదని అక్కడే రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు చదవకుండా "ఐ యాగ్రీ" నొక్కే అలవాటు నన్ను గరాజ్‌లో కూడా వదల్లేదన్నమాట.

ఈ మూడు మందులూ మొక్కల్లో ఎదుగుదలను నడిపించే ఆక్సిన్ అనే హార్మోన్‌ను అనుకరిస్తాయి. గడ్డి జాతి తట్టుకుంటుంది. వెడల్పాకుల మొక్కలు అదుపు తప్పి మెలికలు తిరుగుతూ పెరిగి చస్తాయి. పైన్ చెట్టుకు సూదులే కదా, దానికేం అవుతుందిలే అనుకుంటాం. కానీ చిగురు వేసే రోజుల్లో దాని లేత కొమ్మలు చాలా సున్నితం. పైగా డైకాంబా మట్టిలో నీటితో పాటు కదిలి వేళ్ళను చేరుతుంది. ఆ వేళ్ళు కొమ్మల నీడతో ఆగవు, ఇంకా చాలా దూరం పాకుతాయి. గాలి సంగతి వేరే. తుంపరలు గాలికి కొట్టుకురావడం ఒక దారి. ఎండ ముదిరి 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కొన్ని మందులు ఆకుల మీద నుంచి ఆవిరై పక్క తోటలోకి పోవడం రెండో దారి.

నాన్నగారికి ఇవేవీ కొత్త కాదు. పక్క చేలో వరికో, మొక్కజొన్నకో 2,4-డి కొడితే తన పత్తి ఆకులు బెండాకుల్లా చీలిపోయి ముడుచుకోవడం ఆయన కళ్ళారా చూశారు. కలుపు మందు కొట్టిన పంపును సరిగ్గా కడక్కుండా పత్తికి పురుగు మందు కొట్టి చేను పోగొట్టుకున్నవాళ్ళనూ చూశారు. "కలుపు మందుకు పంపు వేరుగా పెట్టుకోవాల్రా. ఇది నీకు చిన్నప్పుడే చెప్పాను" అన్నారు. చెప్పే ఉంటారు. నేను అప్పుడు ఎంసెట్‌కు చదువుకుంటున్నాను.

అయినా మనసొప్పక, ఒక కొమ్మను జిప్‌లాక్ సంచిలో పెట్టి మాస్టర్ గార్డెనర్ల క్లినిక్‌కు తీసుకెళ్ళాను. 1970ల తొలి ఏళ్ళలో ఈ కార్యక్రమం పుట్టింది మా వాషింగ్టన్‌లోనే, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో. శిక్షణ పొందిన వాలంటీర్లు మొక్కల జబ్బులు ఉచితంగా చూసి చెబుతారు. వాళ్ళూ నాన్నగారి మాటే చెప్పి, ఎరువు గురించి ఇంకో ముక్క కలిపారు. లేత పైన్‌కు నత్రజని ఎక్కువైతే పైభాగం ఏపుగా పెరుగుతుంది, వేళ్ళు వెనకబడతాయి. జులై, ఆగస్టుల్లో ఇక్కడ వానలుండవు. అంత చెట్టుకు ఆ చిన్న వేళ్ళు నీళ్ళు తోడలేవు. పైన్ వేళ్ళకు అంటిపెట్టుకుని ఉండే శిలీంధ్రాలే మట్టిలోంచి దానికి పోషకాలు అందిస్తాయి. ఎరువు మితిమీరితే ఆ స్నేహం కూడా పలచబడుతుంది. బడి, ట్యూషన్, స్పెల్లింగ్ బీ, కూచిపూడి అంటూ పిల్లలకు వారమంతా ఎరువేసే తండ్రిగా ఆ మాట నాకు కొంచెం గట్టిగానే తగిలింది.

పొరపాట్లు నాలాంటి వాళ్ళే చేస్తారని అనుకోకండి. 2010లో ఈపీఏ అనుమతి పొందిన ఇంప్రెలిస్ అనే డ్యూపాంట్ వారి లాన్ కలుపు మందు, 2011 వేసవికల్లా చాలా రాష్ట్రాల్లో నార్వే స్ప్రూస్, వైట్ పైన్ చెట్లను మాడ్చేసింది. ఆ ఆగస్టులో ఈపీఏ అమ్మకాలు ఆపించింది. 7,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2014లో కంపెనీ 18 లక్షల డాలర్లకు పైగా జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అలాగని కలుపును వదిలేయమనీ కాదు. లేత చెట్టు నీళ్ళను ముందు తాగేసేది దాని చుట్టూ ఉన్న గడ్డే. అందుకే అడవులు పెంచేవాళ్ళు కూడా కలుపు మందులు వాడతారు. కానీ ఏ మందు, ఏ నెలలో, చెట్టు నిద్రలో ఉందా చిగురేస్తోందా అని చూసుకుని వాడతారు. పెరటి చెట్టుకైతే మొదలు చుట్టూ గడ్డి చేత్తో పీకి, మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కపొట్టు పరిచి, కాండానికి మాత్రం తగలకుండా ఉంచితే చాలు.

ఇక మిగిలింది పక్కిల్లు. ఆ సాయంత్రం నాన్నగారు, నేను, పాప ముగ్గురం వెళ్ళాం. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ ఏమీ అనకుండా కంచె దగ్గరికి తీసుకెళ్ళి తన రోడోడెండ్రన్ పొదలు చూపించింది. మా వైపు ఆకులు గరిటెల్లా ముడుచుకుని ఉన్నాయి. నేను తోసిన బండి గుళికలు కంచె దాటి అక్కడా పడ్డాయి. నేను ఫిర్యాదు చేసిన రోజు ఆవిడ అవి చూసే ఉంది, నాతో అనలేదు. నాన్నగారికి ఇంగ్లీషు రాదు. వంగి ఆ ఆకులు తడిమి, నా తరఫున రెండు చేతులూ జోడించారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ వేసవంతా వారానికోసారి రెండు చెట్లకూ నిదానంగా, లోతుగా నీళ్ళు పెట్టడం నాన్నగారి డ్యూటీ. ఎరువు లేదు, కత్తిరింపు లేదు. మట్టిలోని సూక్ష్మజీవులు మందును చాలావరకు తినేస్తాయి, ఓపిక పట్టమన్నారు క్లినిక్ వాళ్ళు. ఇలాంటి పైన్ చెట్టు వచ్చే ఏటి చిగురును ఈ ఏడే మొగ్గలో దాచుకుంటుంది. కాబట్టి దెబ్బ ఎంతో తెలియాలంటే మరుసటి వసంతం దాకా ఆగాల్సిందే.

ఆగాం. నడి కొమ్మ చచ్చిపోయింది. పక్క కొమ్మ ఒకటి మెల్లగా పైకి తిరిగి దాని చోటు తీసుకుంటోంది. చెట్టు బతికింది కానీ, కాండంలో ఆ వంకర ఎప్పటికీ ఉంటుంది. ఈ మే నెలలో పాప లెక్క ప్రకారం నిటారు కొవ్వొత్తులు పంతొమ్మిది. ఫోటో తీసి తాతయ్యకు వాట్సాప్‌లో పంపింది. పక్కింటావిడకు మాత్రం తనే వెళ్ళి చెప్పొచ్చింది.

సంచి కొనే ముందు వెనక వైపు చదవండి. నాలా కాకుండా.