పుట్ట దగ్గర బడి

ఆరుద్ర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే అరకు చుట్టుపక్కల సంతల్లో అడ్డాకుల మీద పుట్టగొడుగుల కుప్పలు కనిపిస్తాయి. కొన్ని ఇంకా విప్పుకోని మొగ్గలు. పొడవాటి కాడలకు ఎర్రమట్టి అంటుకునే ఉంటుంది. అమ్మే అక్కను అడిగితే ఒకదాన్ని తిరగేసి కాడ కొస చూపిస్తుంది. అక్కడది సన్నబడి వేరులా సాగి ఉంటుంది. ఆ కొస పుట్ట లోపలి దాకా దిగి ఉండేది, లాగేటప్పుడు తెగింది.

పుట్టగొడుగు అన్న మాటలోనే దాని పుట్టుపూర్వోత్తరాలున్నాయి. చెదపురుగులు నమిలిన ఆకు, పుల్లలతో పుట్ట లోపల తేనెపట్టులాంటి గూడు కట్టి, దాని మీద ఒక బూజును పెంచుతాయి. తమకు అరగని చెక్కను ఆ బూజు మెత్తబరిస్తే తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్లుగా సాగుతున్న సేద్యమిది. వాన తడి దిగాక ఆ బూజే నేల చీల్చుకొని గొడుగెత్తుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో దీనికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదకూ గొడుగుకూ ఉన్న చుట్టరికాన్ని మన పల్లె మాట ఎప్పుడో పట్టుకుంది. వీధికో ట్యూషన్ సెంటరు వెలిస్తే ‘పుట్టగొడుగుల్లా’ అని రాయడం పత్రికలకు అలవాటైపోయింది కానీ, అసలు పుట్టగొడుగు ఎక్కడ పడితే అక్కడ మొలవదు. పుట్టను తవ్వి చదును చేస్తే ఆ చోట దాని కథ ముగిసినట్టే.

పుట్టగొడుగు సంగతి ఇలా ఉంటే, ఇదే తూర్పు కనుమల్లో గిరినాగు అనే రాచనాగుకు అండగా మనుషులు జట్టు కట్టారు. విశాఖ కేంద్రంగా పనిచేసే ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఊళ్లు తిరిగి, ఆ పాము కనబడితే కర్ర అందుకోకుండా కబురు పెట్టమని చెబుతోంది. పాముకు దొరికిన ఆ ఆదరణ పుట్ట మీది గొడుగుకూ దొరకాలి. ప్రపంచంలో శిలీంధ్రాలు 25 లక్షల రకాలుంటాయని అంచనా వేసిన బ్రిటన్‌లోని క్యూ ఉద్యానవనం, వాటిలో పేరు పెట్టినవి లక్షా 55 వేలేనని 2023లో లెక్క చెప్పింది. మొక్కలు, జంతువులతో సమానంగా శిలీంధ్రాలనూ కాపాడుకోవాలన్న పిలుపును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణులు అందుకున్నది కూడా 2021లోనే.

అరకులో పుట్టగొడుగుల చుట్టూ, అడవిని చదవడం చుట్టూ అలాంటి బృందం ఒకటి కట్టాలంటే దానికి మొదటి గురువులు సంతలో కూర్చున్న ఆ ఆడవాళ్లే. ఏ పుట్ట ఏ వానకు లేస్తుందో, ఉసిళ్లు ఎగిరిన ఎన్నాళ్లకు గొడుగులు చూడాలో వాళ్లకు తెలుసు. కళాశాలల నుంచి కెమెరాలతో వచ్చే పిల్లలు ముందు వాళ్ల వెనక నాలుగు పొద్దులు నడవాలి. తర్వాత పుస్తకం తెరిస్తే అందులోని బొమ్మకు ప్రాణం వస్తుంది.

ఈ చదువు ప్రాణాలతో ముడిపడింది కూడా. కొన్ని విషపు పుట్టగొడుగుల్లోని అమాటాక్సిన్ ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకో, పన్నెండు గంటలకో వాంతులు మొదలవుతాయి. తర్వాత నెమ్మదించినట్టే ఉంటుంది, ఆలోగా కాలేయం దెబ్బతింటుంది. వెండి నాణెం నల్లబడితే విషమనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ చెప్పుకొనే గుర్తులను నమ్మకూడదు. ఫోన్‌లో ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌నూ కూర వండుకోవడానికి నమ్మకూడదు. అనుమానం వస్తే పారెయ్యాలి. తిన్నాక తేడా చేస్తే, మిగిలిన ముక్కను పొట్లం కట్టుకొని ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. బృందం ఏ ఊరికెళ్లినా ముందు చెప్పాల్సిన నాలుగు మాటలు ఇవి.

తెలిసిందంతా రాసిపెట్టుకోవడానికి చోటు ఉండనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లోని కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. అందులో పుట్టగొడుగులకు ఎన్ని పేజీలున్నాయో అరకు, అనంతగిరి పంచాయతీలు ఒకసారి తెరిచి చూడాలి. పేర్లను తెలుగులోనే కాక కువిలో, ఆదివాసీ ఒడియాలో, ఊరు పలికినట్టే రాయాలి. సుమారు 20 ఏళ్ల కిందటే ఈ భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వేసుకున్న రాష్ట్రం మనది. అయితే ఒక్క జాగ్రత్త. తల్లి కూతురికి మాత్రమే చూపించే పుట్టలుంటాయి. వాటి ఆచూకీ రిజిస్టర్‌కు ఎక్కకూడదు, ఫొటోతోపాటు ఊరి పేరు లోకానికి పొక్కకూడదు. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో తేల్చుకొనే హక్కు ఆ ఊరి మనుషులది.

పుట్ట నిలవాలంటే కింద నేల నిలవాలి. ఆ సంగతి బొర్రా చుట్టుపక్కల ఊళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంత భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు ఈ కొండల నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది.

పుట్టగొడుగులు ఏరడానికి పొద్దున్నే వెళ్లే అక్క చేతిలో గునపం ఉండదు. కాడ చుట్టూ మట్టిని వేళ్లతో వదులు చేసి, నెమ్మదిగా తిప్పుతూ పైకి లాగుతుంది. చుట్టూ ఉన్న చిన్న మొగ్గలను ముట్టుకోదు. లేచేముందు ఆ చిన్న గుంతలోకి మట్టిని మళ్లీ తోసి, అరచేత్తో ఒత్తి, పైన రెండు ఎండుటాకులు కప్పుతుంది.